చెట్టు వదిలేయమని చెప్పేముందు: ఒక గీత కార్మికుడి కేసు

ఈ కేసు రాయడానికి గౌడన్న, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టగల వివరాలు మార్చాను. ఆయనకు కొత్త పేరేమీ పెట్టలేదు. ఊళ్లో అందరూ పిలిచినట్టు గౌడన్న అనే రాస్తాను. నా పొరపాటును మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వ్యసన చికిత్సలో పనిచేసే కౌన్సెలర్లకు ఈ కేసులో పనికొచ్చేది ఎక్కువగా అక్కడే ఉంది.

నేను కౌన్సెలర్‌గా పనిచేసే వ్యసన విముక్తి కేంద్రానికి నిజామాబాద్, కామారెడ్డి వైపు పల్లెల నుంచి ఎక్కువమంది వస్తారు. అక్కడ మగవాళ్లు చాలామంది గల్ఫ్ దేశాల్లో ఉంటారు, ఆడవాళ్లు ఇళ్లలో బీడీలు చుడతారు. కల్లు అందరిదీ. పండుగకీ కల్లే, పెళ్లికీ కల్లే, చావుకీ కల్లే. నేను పుట్టి పెరిగిన ఇంట్లో కల్లు అనే మాట పలకడానికే ఇష్టపడేవారు కాదు. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నా ఆ ఇంటి గాలి నాలో ఎంత మిగిలి ఉందో ఈ కేసు వచ్చేవరకు నాకు తెలియలేదు.

ఎలా వచ్చారు

కార్తీక మాసం. గౌడన్న అయ్యప్ప మాల వేసుకుని మూడు రోజులైంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేస్తుండగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. నల్ల పంచెతో, మెడలో మాలతో, నుదుట విభూతితో ఆటోలో తీసుకొచ్చారు. వయసు 46. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట, చీమలు పాకుతున్నాయంటూ దుప్పటి దులుపుకుంటున్నారు.

మెడలో మాల తీస్తేగాని వైద్యం మొదలుపెట్టడం కుదరదని నర్సు అంది. తీయొద్దని ఆయన తల్లి చేతులు అడ్డం పెట్టింది. మా సైకియాట్రిస్టు ఆ మాలను పక్కకు జరిపి ప్లాస్టర్‌తో భుజానికి అంటించి, సెలైన్ పెట్టించారు. అర నిమిషం పని. ఆ కుటుంబం మా మాట వినడానికి ఆ అర నిమిషమే కారణమని తర్వాత తల్లి నాతో చెప్పింది.

దీక్షలో లోపం జరిగిందని, స్వామికి కోపం వచ్చిందని ఇంట్లో అందరి భయం. ఏ కల్లు తాగేవారని అడిగితే భార్య గొంతు తగ్గించి, డిపో కల్లు అని చెప్పింది. అక్కడితో చిత్రం మారిపోయింది. చెట్టు నుంచి దించిన కల్లు మామూలుగా పులిస్తే దాదాపు బీరంత మత్తు ఉంటుంది. చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగిన చోట అసలు కల్లు కొంచెమే పోసి, మిగతాది నీళ్లు, తీపి, మత్తు పొడి కలిపి అమ్మే డిపోలున్నాయి. ఆ పొడి సాధారణంగా ఆల్ప్రాజోలం, డైజీపాం, లేదా క్లోరల్ హైడ్రేట్. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మెదడు తట్టుకోలేదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు ఇలాగే ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం వచ్చిపడ్డారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

గౌడన్న మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఆ నిష్ఠే ఫిట్స్ తెచ్చింది. మా ప్రాంతంలో పనిచేసే ప్రతి వైద్యుడూ, ప్రతి ఆశా కార్యకర్తా కార్తీకానికి ముందే ఈ సంగతి పల్లెల్లో చెప్పాలని నా గట్టి కోరిక. మాల వేసుకోదలచినవాళ్లు నెల ముందే డాక్టర్ని కలిస్తే, మందులతో నెమ్మదిగా తగ్గించుకుని నిక్షేపంగా దీక్ష చేయవచ్చు.

గురుస్వామికి నేనే ఫోన్ చేశాను. అనారోగ్యం దోషం కాదని, ఒళ్లు బాగయ్యాక మళ్లీ వేసుకోవచ్చని ఆయన గౌడన్న తల్లితో స్వయంగా మాట్లాడారు. ఆ ఫోన్ తర్వాతే ఆమె మంచం పక్కన కూర్చుని ఒక ముద్ద అన్నం తిన్నది.

అలవాటు లెక్క

తాగుడు ఎంత ముదిరిందో కొలవడానికి మేము ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ (AUDIT) అనే ప్రశ్నావళి వాడతాం. 10 ప్రశ్నలు, గరిష్ఠంగా 40 మార్కులు. 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మద్యంపై ఆధారపడే స్థితి ఉండవచ్చని అనుమానించాలి. తేరుకున్న నాలుగో రోజు గౌడన్నను అడిగాను. వచ్చినవి 4 మార్కులు.

అబద్ధం చెబుతున్నారనుకున్నాను. కాదు. తెలుగులో ముద్రించిన ఆ కాగితంలో 'మద్యం' అని ఉంది. ఆయన దృష్టిలో మద్యం అంటే వైన్ షాపు సీసా. అది ఆయన ఏడాదికి రెండు మూడు సార్లే ముట్టుకుంటారు. "మందు అలవాటు లేదు మేడమ్, కల్లే" అన్నారు, అన్నం తింటానని చెప్పినంత మామూలుగా. మళ్లీ అన్ని ప్రశ్నలూ కల్లు అనే మాటతో అడిగితే 27 వచ్చింది.

మోతాదు లెక్క ఇంకో చిక్కు. ఆ ప్రశ్నావళి 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకుగా లెక్కిస్తుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం ఆల్కహాల్ ఉన్న మంచి కల్లు ఉంటే దాదాపు 25 గ్రాములు, అంటే రెండున్నర డ్రింకులు. డిపో సీసాలో ఆల్కహాల్ అంతకంటే బాగా తక్కువ ఉండవచ్చు, మత్తు మాత్రం పొడిది. అందుకే మా దగ్గర మద్యం ప్రశ్నావళి ఒక్కటే చాలదు. మూత్ర పరీక్షలో ఆల్ప్రాజోలం కుటుంబానికి చెందిన మందు బయటపడింది. క్లోరల్ హైడ్రేట్ అయితే మామూలు పరీక్షకు దొరకదు.

సైకియాట్రిస్టు ఆయనను ఆ కుటుంబానికే చెందిన డైజీపాం మీదికి మార్చి, 12 వారాల్లో మెల్లగా తగ్గించే పట్టిక వేశారు. థయమిన్ (విటమిన్ బి1) మొదటిరోజు నుంచే ఇచ్చారు. డిశ్చార్జి రోజు భార్య నన్ను పక్కకు పిలిచి, తాగితే వాంతయ్యే మాత్ర ఉంటుందట కదా, చెప్పకుండా అన్నంలో కలిపి పెడతానని అడిగింది. ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్రను రోగికి తెలియకుండా ఇవ్వకూడదు. అది రోజంతా కల్లు కుండలు తడిమే మనిషికైతే అసలే కాదు. చెట్టు మీద నాలుగు గుక్కలు రుచి చూసి, రక్తపోటు పడిపోయి, కళ్లు తిరిగితే ఏమవుతుందో ఆమెకు వివరించాను. ఆమె నిశ్శబ్దంగా తలూపింది. ఎనిమిది వందల బీడీలు చుట్టే వేళ్లతో కొంగు మెలిపెడుతూ, "ఇంక నా చేతిలో ఏముంది మేడమ్?" అంది.

నా పొరపాటు

వ్యసనం నుంచి బయటపడేవారికి పని గురించి మాట్లాడటం మా కేంద్రంలో చివరి మెట్టు. మొదట మత్తు వదలాలి, తర్వాత మనసు నిలవాలి, ఆపైన ఉపాధి. నేను ఈ వరసను చాలాకాలం ప్రశ్నించలేదు. గౌడన్న విషయంలో మాత్రం పని గురించి త్వరగా మాట్లాడాలనిపించింది, ఎందుకంటే ఆయన పనే కల్లు. ఉదయం చెట్టు ఎక్కుతారు, పగలు పట్నంలోని కల్లు డిపోలో సీసాలు నింపే కూలీ, సాయంత్రం మళ్లీ చెట్టు. ఆ డిపోలోనే తాగుడు ముదిరింది.

నేను వృత్తి ఆసక్తుల ప్రశ్నావళి తీశాను. అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన ఆరు రకాల వ్యక్తిత్వాల సిద్ధాంతం మీద ఆధారపడినవి ఇలాంటివి చాలా ఉన్నాయి. యంత్రాలు బాగుచేయడం ఇష్టమా, కథలు రాయడం ఇష్టమా, లెక్కలు చూడటం ఇష్టమా అని అడిగి మనిషిని ఒక రకంలో పెడతాయి. చదువుకున్న యువకుడికి, ముందు నాలుగు దారులు కనిపించేవాడికి ఇవి పనికొస్తాయి. గౌడన్న ఐదో తరగతి. ప్రశ్నలు నేనే చదివి వినిపించాను. ప్రతిదానికీ ఒక్క క్షణం ఆగి, నా మొహం చూసి, నాకు నచ్చుతుందనుకున్న జవాబు చెప్పారు. చేతిపనుల రకం ఎక్కువగా వచ్చింది. కాగితం సూచించిన ఉద్యోగాలు డ్రైవరు, ఎలక్ట్రీషియన్, కాపలాదారు. ఫిట్స్ వచ్చినవాడు డ్రైవరు కాలేడు. అందుకని నేను అన్నాను: "గౌడన్నా, ఆ చెట్టు వదిలేయండి. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చూపిస్తాం. కల్లు వాసనకు దూరంగా ఉంటే బాగుపడతారు."

ఆయన "సరే మేడమ్" అన్నారు. తర్వాత నా గదికి రాలేదు. మందులు మాత్రం భార్య వారం వారం వచ్చి తీసుకెళ్లేది. ఆమెను అడిగితే ఏదో పని అంటూ తప్పించుకునేది.

ఇక్కడ నేను రెండు వేర్వేరు మాటలను ఒకటిగా కలిపేశాను. మొదటిది వైద్యపరమైనది, తప్పనిసరి. ఫిట్స్ వచ్చి, ఇంకా డైజీపాం వాడుతున్న మనిషి చెట్టు ఎక్కకూడదు. మందు పూర్తిగా ఆగి, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఫిట్స్ లేకుండా గడవాలి. రెండోది వృత్తి గురించి నా అభిప్రాయం. మొదటిదానికి ఒక గడువు ఉంది. రెండోదానికి నేను గడువే పెట్టలేదు, ఆయనను అడగనూ లేదు. ఆయన చెవికి రెండూ ఒకే తీర్పులా వినపడ్డాయి.

డిసెంబరు దాటింది. జనవరి రెండో వారంలో ఇంటికి ఫోన్ చేశాను. తల్లి ఎత్తింది.

"చెట్టు వదలమన్నావట కదా బిడ్డా" అంది. "వదిలితే సొసైటీలో వాడి పేరు కొట్టేస్తారు. వాడి వంతు చెట్లు ఇంకొకరికి పోతాయి. నాలుగేళ్లు ఆగితే పింఛను వచ్చేది. అదీ పోతుంది. నా మగడు గీసిన చెట్లు బిడ్డా అవి. వాడు రాత్రంతా కూర్చునే ఉంటున్నాడు."

తెలంగాణలో 50 ఏళ్లు దాటిన గీత కార్మికులకు, వాళ్ల సహకార సంఘమైన సొసైటీలో సభ్యత్వం ఉంటే, నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను వస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. కానీ దాన్ని నేను సంక్షేమ పథకాల ఖాతాలో వేసుకున్నానేగాని, చికిత్స ఖాతాలో వేసుకోలేదు. 46 ఏళ్ల మనిషికి నేను ఇచ్చిన సలహా పాటిస్తే ఆయన వృద్ధాప్యం, వంతు చెట్లు, సంఘంలో స్థానం మూడూ పోతాయి. బదులుగా ఊరికి దూరంగా, రాత్రంతా ఒంటరిగా, మూల మూలకూ వైన్ షాపు ఉన్న వీధిలో కూర్చోబెడతానన్నాను.

ఈత వనంలో

తర్వాతి ఆదివారం మా కేంద్రంలోని మగ నర్సును తోడు తీసుకుని ఊరికి వెళ్లాను. గౌడన్న ఇంటి దగ్గర మాట్లాడదామన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెట్ల దగ్గరికి పోదాం మేడమ్" అన్నారు.

వనం ఊరి చెరువు కింద ఉంది. ఎక్కువ ఈతచెట్లు, మధ్యమధ్య తాళ్లు, అంటే తాటిచెట్లు. చలికాలం ఎక్కువగా ఈత గీస్తారు, ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు. పాలివాడైన తమ్ముడొకరు గౌడన్న వంతు చెట్లు ఆ నెలల్లో గీస్తున్నారు. తమ్ముడు చెట్టుకు చుట్టి ఎక్కే మోకు నడుముకు వేసుకుని, పనిముట్లుండే ముత్తాదు సర్దుకుని, ఒక తాటిచెట్టు ఎక్కడం మొదలుపెట్టాడు. గౌడన్న మాట్లాడటం మానేసి పైకి చూస్తూ ఉండిపోయారు. తమ్ముడు గెల కొన చెక్కుతుంటే ఈయన కుడి బొటనవేలు తనంతట తానే కదులుతోంది. నా గదిలో "సరే మేడమ్" అన్న మనిషి కాదు ఆయన. ఏ చెట్టు రేపు ఎక్కువ పారుతుందో, ఏది అలసిపోయిందో, కత్తి ఎంత పలచగా తీయాలో, గాలివాన ముందు ఏ చెట్టు ఎక్కకూడదో చెబుతూ పోయారు. గంటసేపు నేను రాసుకోవడం తప్ప ఇంకేమీ చేయలేదు. నా ఆసక్తుల ప్రశ్నావళి ఆయనలో చూడలేకపోయిన ఓర్పు, కొలత, ప్రమాదాన్ని అంచనా వేయడం, ఋతువులను చదవడం అన్నీ ఆ మాటల్లో ఉన్నాయి.

తర్వాత ఒక చిన్న పని చేశాం. పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా పాత రోజుల్లో తన దినచర్య ఎలా సాగేదో ఆయన చెబుతుంటే, నేల మీద వరసగా గీతలు గీశాను. ప్రతి గీత దగ్గర, అప్పుడు తాగాలని ఎంత గుంజేదో దాన్నిబట్టి గులకరాళ్లు పెట్టమన్నాను. ఏమీ లేకపోతే ఖాళీ, తట్టుకోలేనంత అయితే ఐదు.

చెట్టు ఎక్కి ఉన్న సమయం దగ్గర ఆయన ఒక్క రాయి కూడా పెట్టలేదు.

మళ్లీ అడిగాను. "పైన ఉన్నప్పుడు మనసు ఎటూ పోదు మేడమ్. పోతే పడతాం" అన్నారు. మండువలో, అంటే కల్లు అమ్మే చోట, రెండు రాళ్లు. ఎందుకంటే గిరాకీ వచ్చినవాళ్లు ముందు గౌడను తాగి చూపమంటారు, అదొక మర్యాద. ఏ పదిమంది వస్తే పది గుక్కలు. మధ్యాహ్నం డిపోలో ఐదు. డిపో నుంచి ఇంటికొచ్చి, భార్య బీడీ కార్ఖానాకు కట్టలు అప్పజెప్పడానికి వెళ్లిన ఖాళీ గంటలో నాలుగు. సాయంత్రం మళ్లీ చెట్టు మీద ఖాళీ.

మా నర్సు నావైపు చూశాడు. నేను ఆయన నుంచి ఏ పనిని తీసేయాలనుకున్నానో ఆ పనిలోనే ఆయన పూర్తిగా మేల్కొని ఉంటారు. ప్రమాదం చెట్టులో లేదు. చెట్లు తగ్గి, కల్లు చాలక, ఆదాయం కోసం డిపోకు వెళ్లడంలో ఉంది. రుచి చూపే ఆ మర్యాదలో, మధ్యాహ్నపు ఖాళీలో ఉంది. వృత్తిని ఒకే ముద్దగా చూస్తే ఇది కనపడదు. గీత పనిలో ఎక్కడం, చెక్కడం, దించడం, వడగట్టడం, అమ్మడం, తాగి చూపడం, లెక్క తేల్చుకోవడం ఇవన్నీ వేర్వేరు పనులు. ప్రతిదానికీ వేరే ప్రమాదం, వేరే గౌరవం.

అప్పటినుంచి మా కేంద్రంలో నేను ఎవరి వృత్తి అంచనా చేసినా ముందు ఈ రాళ్ల పని చేస్తాను. లారీ డ్రైవరుకూ, హమాలీకీ, పెళ్లి బ్యాండు వాయించేవాడికీ ఇది పనిచేసింది. ఆసక్తుల ప్రశ్నావళి తర్వాత, అవసరమైతేనే.

మార్పు కోసం ఎంత సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవడానికి సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమని అడుగుతాం. అంకె అడిగితే గౌడన్న ఎప్పుడూ పది అనేవారు. వనంలో పక్కనే ఉన్న తాటిచెట్టు చూపించి, మొదట్లో ఉన్నారా, నడిమిలోనా, మొవ్వు దగ్గరా అని అడిగాను. చాలాసేపు చెట్టును చూశారు. "మోకు కట్టుకున్నాను మేడమ్. కాలు ఇంకా నేల మీదే ఉంది" అన్నారు. రెండు నెలల్లో నేను విన్న మొదటి నిజమైన జవాబు అది.

మూడు తరాల పని

వంశవృక్షం గీసి, ప్రతి మనిషి పక్కన చేసిన పనిని, తాగుడును రెండు రంగుల్లో గుర్తుపెట్టాం. తాత గుత్తేదారు కింద కూలికి గీసేవాడు. తండ్రికి సొసైటీ ద్వారా సొంత వంతు వచ్చింది. ఆ వంతును ఇంట్లో అందరూ కష్టపడి సంపాదించిన హక్కుగా చెప్పుకుంటారు. తండ్రి ఒక వర్షాకాలం తాటిచెట్టు మీద నుంచి జారి నడుం విరగ్గొట్టుకుని, మిగతా ఎనిమిదేళ్లు మంచంలోనే గడిపాడు. తాగుడు రంగు తాతకు లేదు, తండ్రికి పడిపోయాక వచ్చింది, గౌడన్నకు డిపోకు వెళ్లాక వచ్చింది. ఆ కాగితం చూసి ఆయనే అన్నారు: "పని చేసినప్పుడు కాదు మేడమ్ మేము తాగింది. పని పోయినప్పుడు."

చిన్నప్పుడు ఎవరిలా ఉండాలనుకున్నారని అడిగాను. అమెరికాలో మార్క్ సవికాస్ అనే వృత్తి సలహాదారు తన పద్ధతిలో ఇలాంటి ప్రశ్నతోనే మొదలుపెడతాడు. గౌడన్న ఆలోచించకుండా సర్వాయి పాపన్న అన్నారు. ఖిలాషాపూర్ గౌడ కులంలో పుట్టి, మొగలుల కాలంలో ఎదురుతిరిగి కోటలు పట్టిన ఆ వీరుడి కథ మా ప్రాంతపు గౌడుల ఇళ్లలో అమ్మమ్మలు చెప్పేదే. కథలో ఏ ఘట్టం ఇష్టమని అడిగితే, పాపన్న తన మనుషుల్ని కూడగట్టుకోవడం అన్నారు. ఈ మనిషిని ఒంటరి కాపలా పనికి పంపబోయాను.

కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో నాన్న రైతు అని చెప్పుకుంటాడు. ఒకసారి మాతో కూర్చున్నాడు గానీ, ఎక్కువ మాట్లాడలేదు.

కుదిరినవి, కుదరనివి

బావమరిది సౌదీలో ఉన్నాడు. అక్కడ మందే దొరకదు, వచ్చేయమన్నాడు. మా ప్రాంతంలో గల్ఫ్‌ను వ్యసనానికి మందుగా చూసే కుటుంబాలు చాలా ఉన్నాయి. వీసాకు అప్పు, వైద్య పరీక్షలు, డైజీపాం లాంటి మాత్రలు సరైన పత్రాలు లేకుండా తీసుకెళ్తే జైలు, గదిలో పదిమంది మధ్య ఒంటరితనం, ఇవన్నీ నేల మీద రాళ్లతో లెక్కవేశాం. ఆయనే వద్దన్నారు.

నీరా ఆలోచన నాకు బాగా నచ్చింది. పులియని రసం, సూర్యోదయానికి ముందే దించాలి, కుండకు సున్నం పూయాలి, వెంటనే చల్లబరచాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. కానీ ఈ ఊరి నుంచి పట్నానికి చల్లటి పెట్టెలో తీసుకెళ్లి అమ్మే ఏర్పాటు లేదు. పది రోజులు ప్రయత్నించారు, సగం పులిసిపోయింది, ఆపేశారు. అక్కడ నేను అనవసరంగా ఎక్కువ ఒత్తిడి చేశాను.

కుదిరినది ఇది. డిపో పని పూర్తిగా మాన్పించాం. దాంతో ఇంటికి నెలకు వచ్చే డబ్బులో మూడో వంతు దాకా తగ్గింది. ఆ విషయం దాచకుండా ముందే లెక్కవేసుకుని భార్య ఒప్పుకుంది. మార్చిలో డైజీపాం ఆగింది. ఏప్రిల్‌లో సైకియాట్రిస్టు చెట్టు ఎక్కడానికి ఒప్పుకున్నారు, మొదటి నెల తమ్ముడు కింద ఉండాలనే షరతుతో. గౌడన్న ఎక్కుతారు, గీస్తారు, దించుతారు. కుండ నేల తాకగానే భార్య తీసుకుంటుంది. మండువలో అమ్మకం భార్యది, తాగి చూపే మర్యాద తమ్ముడిది. భార్య బీడీలు సగానికి తగ్గించుకుంది. మెడనొప్పి తగ్గిందని చెప్పింది. మధ్యాహ్నం ఖాళీ గంటకు ఎండాకాలమంతా ముంజలు. రోడ్డు మీద బుట్టతో కూర్చుని అమ్మడం ఆయనకు మొదట నామోషీగా అనిపించింది, నాలుగో రోజుకు అలవాటైంది.

చెట్ల మీద నుంచి పడిపోకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లను తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై నుంచి ఇస్తోంది. గౌడుల ఇలవేల్పు పేరే దానికి పెట్టారు. గౌడన్న శిక్షణకు వెళ్లివచ్చి, సొసైటీలో కుర్రవాళ్లకు అది కట్టుకోవడం చూపిస్తున్నారు. నేను చెప్పిన పని కాదిది. తండ్రి నడుము గుర్తొచ్చి, తానే చేస్తున్నారు.

శాక

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న శ్రావణంలో వచ్చింది. ఊరి ఎల్లమ్మ బోనాలకు అమ్మవారికి పోసే శాక గౌడన్న ఇంటి వంతు. కల్లు కుండ ఎత్తుకుని ఊరేగింపులో నడిచి, అమ్మవారి ముందు ధార పోసి, మిగిలినది పదిమందితో కలిసి తాగాలి. మా సైకియాట్రిస్టు ఈ ఏడాది వేరేవాళ్లకు ఇచ్చేయమన్నారు. వైద్యం దృష్ట్యా ఆయన మాట సరైనదే. నాకు భయం వేసింది గాని, వద్దని చెప్పలేకపోయాను. ఒకసారి చెప్పి ఏమైందో చూశాను కదా.

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాను. దారి తల్లి చూపించింది. బోనం రోజు శాక పోసేవాడు ఎలాగూ పొద్దున నుంచి ఉపవాసం ఉంటాడు, శాక పోశాక విడుస్తాడు. "ఈ ఒక్క ఏడాది రాత్రి దాకా ఉండమను బిడ్డా. ఉపవాసం ఉన్నవాడి నోటికి ఎవడూ గ్లాసు పెట్టడు" అంది. ఊరి పెద్దలకు కూడా ఆమే చెప్పింది. ఆయన శాక పోసి, బోనాల చివరి దాకా నిలబడి, రాత్రి ఇంటికొచ్చి పప్పన్నం తిన్నారు. నా పుస్తకాలన్నీ కలిపినా నాకు ఈ సలహా దొరికేది కాదు.

రెండుసార్లు జారారు. మొదటిది బోనాల కంటే ముందు, మేలో, మేనమామ దినాల్లో. అక్కడికి డిపో సీసాలు వచ్చాయి. రెండు తాగి మరునాటి మధ్యాహ్నం దాకా లేవలేదు. నెలల తరబడి ఆపిన శరీరానికి పాత మోతాదు ప్రాణాంతకం కావచ్చని ముందే చెప్పి ఉండాల్సింది. ఆ రోజు తర్వాత భార్యకూ తమ్ముడికీ కూడా చెప్పాను. రెండోది సెప్టెంబరులో, ఒక గ్లాసు. ఆయనే ఫోన్ చేసి చెప్పారు.

ఇప్పుడు మళ్లీ కార్తీకం. పోయిన గురువారం వచ్చి, ఈసారి మాల వేసుకోవచ్చా అని అడిగారు. సైకియాట్రిస్టు పరీక్షలు చూసి సరేనన్నారు. ఆయనకు దీక్ష మీద భయం లేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రి మీద ఉంది. దీక్ష ముగిసిన స్నేహితులు ఆ రాత్రి కలుస్తారు, మా ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. ఆ రోజుకు గులకరాళ్లు పెట్టాం. రైలు దిగిన సాయంత్రం తమ్ముడు స్టేషన్‌కు వస్తాడు. తెల్లవారి ఐదు గంటలకు చెరువు కింద మూడో తాటిచెట్టు గీయాలి. అది ఆయన వంతు, రాత్రి తాగినవాడు ఎక్కలేని ఎత్తు. గురువారం పదకొండింటికి నా దగ్గరికి వస్తారు, ఈసారి కొడుకుతో.